ఇంక్యుబేటర్‌లో దగ్గు

ఆసుపత్రి నేలమాళిగలో మా ల్యాబు. కిటికీల్లేవు. స్పిరిటు వాసన, ఫ్రిజ్ గురగుర, అంతే. బయట వాన పడుతోందని పైనుంచి వచ్చేవాళ్ల తడి చెప్పులు చూసి తెలుసుకోవాల్సిందే.

పై వార్డులో మా చెల్లి. నెల్లాళ్లుగా జ్వరం, పొడిదగ్గు. తెమడ పడదు, ఎక్స్‌రేలో ఏదీ తేలదు. టీబీ అని డాక్టరుగారి అనుమానం.

"అసలే కాలేయం బాగాలేదమ్మా. గుడ్డిగా ఆ మందులు వేస్తే అవే ప్రాణం తీస్తాయి. రక్తం కూడా అవునంటే వెంటనే మొదలెడదాం," అన్నారు.

టీబీ క్రిమిని ఒకసారి చూసిన రక్తం దాన్ని అంత తేలిగ్గా మర్చిపోదు. ఆ క్రిమి తునకలున్న ట్యూబులో పోసి, ఒంటివేడిలో ఒక రాత్రి ఉంచితే, గుర్తుపట్టి ఒక పదార్థాన్ని వదులుతుంది. దాన్ని కొలవడమే నా పని. చెల్లి రక్తం నేనే తీశాను.

"నాక్కూడా కాస్త మిగల్చవే అక్కా," అంది, నవ్వబోయి దగ్గుతూ.

మర్నాడు, ఆ ట్యూబుల్ని రాత్రంతా వెచ్చగా ఉంచిన ఇంక్యుబేటర్ దగ్గరికి వెళ్లాను. ల్యాబులో ఇంకెవరూ లేరు.

లోపల్నుంచి దగ్గు వినిపించింది.

రెండు పొడిదగ్గులు, తర్వాత సాగదీసి పీల్చిన ఊపిరి. ఆ దగ్గు వింటూ నెల్లాళ్లుగా నిద్రలేదు నాకు. పొరబడను. తలుపు తీశాను. లోపలి అద్దం మీద ఆవిరి పట్టి ఉంది. చూస్తుండగానే తగ్గింది... మళ్లీ పట్టింది... తగ్గింది. అద్దం వెనక చెల్లి ట్యూబులు తప్ప ఏమీ లేవు.

ఫోన్ మోగింది. అమ్మ.

"ఏమే, చెల్లికి దగ్గు ఆగిపోయిందే! జ్వరమూ లేదు, ఒళ్లు చల్లగా ఉంది. హాయిగా పడుకుంది. డాక్టరుగారు మాత్రం రిపోర్టు రానీ అంటున్నారు. త్వరగా తేవే, నీకు పుణ్యముంటుంది."

ట్యూబులు బయటికి తీశాను. వెచ్చగా ఉన్నాయి. గుప్పిట్లో పిచ్చుకపిల్లల్లా అదురుతున్నాయి. వాటిని సెంట్రిఫ్యూజ్‌లో పెట్టి గిర్రున తిప్పాలి. అప్పుడే రక్తం మీద తేట తేలుతుంది. ఆ తేట లేనిదే రిపోర్టు లేదు.

"అక్కా..."

నా గుప్పిట్లోంచి.

"తిప్పకే... నేనిక్కడున్నాను... తిప్పకే అక్కా..."

మళ్లీ తియ్యడానికి దాని ఒంట్లో రక్తం ఎక్కడుంది? ఇంకో రోజు ఆగితే మనిషి దక్కుతుందా? పైన పడుకున్నదే నా చెల్లి. అమ్మ దాని పక్కనే ఉంది. ఇది నిద్రలేని నా బుర్ర చేసే పని... అలా అనుకున్నాను. అనుకుని, ట్యూబులు మెషిన్‌లో పెట్టి, మూత బిగించి, మీట నొక్కాను.

మెషిన్ వేగం అందుకుంది. ఆ రొద అడుగున ఒక కేక సన్నగా సాగింది. సాగి, సాగి... తెగింది.

సాయంత్రానికి రక్తం అవునంది. రిపోర్టు పట్టుకుని మెట్లన్నీ పరుగున ఎక్కాను. చెల్లి దిండుకి ఆనుకుని కూర్చుంది. డాక్టరుగారు చూసి మందులు రాశారు. అమ్మ ఏడుస్తూనే నవ్వింది.

చెల్లి నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసింది. వంగాను. నా మెడ చుట్టూ చెయ్యి వేసి, పెదవులు చెవికి ఆనించింది.

"తిప్పేశావా? మంచి పని చేశావు."

అంత దగ్గరగా గుసగుసలాడినా, నా చెవికి ఊపిరి తగల్లేదు.