ఎడమ కొసన చోటు

షాదే చెయ్యి చాపింది. వైదాస్ ఎడమ చెయ్యి ఇచ్చాడు.

గొడవ అక్కడ మొదలైంది.

లండన్‌కు ఉత్తరాన సముద్రతీరంలో ఉన్న గ్రిమ్స్‌బీ రేవులో చేపల కంపెనీ అది. ఆ రోజు కంపెనీలో 'అందరూ మనవాళ్ళే' దినం. గోడల నిండా రంగు కాగితాలతో కత్తిరించిన చేతులు అంటించారు. డైరెక్టరు కొత్త టై కట్టుకున్నాడు. ఏ దేశంవాళ్ళయినా, ఏ రంగువాళ్ళయినా, ఎలాంటివాళ్ళయినా కంపెనీలో తేడా లేకుండా చూడడానికి ఒక ఆఫీసరును పెట్టారు. ఆ ఆఫీసరే షాదే. నైజీరియా నుంచి వచ్చిన రేవు కూలీ కూతురు. తను పుట్టింది మాత్రం ఈ ఊళ్ళోనే. చేప కోసేవాళ్ళలో ఒకరితో ఆమె చేతులు కలపాలి, ఫోటో తియ్యాలి. అందుకని లిథువేనియా కుర్రాడు వైదాస్‌ను బల్ల దగ్గర్నుంచి లాక్కొచ్చారు.

"ఆ చెయ్యి కాదండీ. ఇంకో చెయ్యి," అంది షాదే. నవ్వు చెదరకూడదని పళ్ళ సందుల్లోంచి అంది.

"ఇదే మంచిదండీ."

"ఫోటోలో బాగుండదు. కుడి చెయ్యి ఇవ్వండి."

"మీ ఇష్టం."

కుడి చెయ్యి ఇచ్చాడు. దానికి ఇనప గొలుసులతో అల్లిన గ్లవుజు ఉంది. పొద్దుట్నుంచి ఐసులో నానింది. దాని నిండా చేప పొలుసులు.

షాదే కెవ్వుమంది. కెమెరావాడు అప్పుడే నొక్కాడు.

"మీకేమైనా మతి ఉందా?"

"ముందే చెప్పాను కదండీ. కత్తి పట్టని చేతికి ఇనప గ్లవుజు వేస్తారు. అందరూ కుడిచేత్తో కోస్తారు. నాది ఎడమచేతి వాటం."

డైరెక్టరు కెమెరాలోకి తొంగి చూశాడు. "అద్భుతం. ఎంత భావం ఉందో ఈ అమ్మాయి మొహంలో!" అన్నాడు.

మర్నాడు షాదే మేడమీది ఆఫీసు నుంచి చేపలు కోసే చోటికి దిగింది. అతన్ని నాలుగు మాటలు అడగాలని వచ్చింది. బల్ల చూసి ఆగిపోయింది.

పొడుగు బల్ల. దాని వెంట ఒకరి పక్కన ఒకరు నిలబడి చేపలు కోస్తున్నారు. అందరి కుడి మోచేతులూ ఒక్క తీరున ఆడుతున్నాయి. నడుమ వైదాస్ ఎడమ మోచెయ్యి ఎదురు ఆడుతోంది. పక్కవాడి మోచెయ్యీ ఇతని మోచెయ్యీ ఢీకొంటున్నాయి. ఢీకొన్నప్పుడల్లా చేప చెడుతోంది.

"ఒరేయ్ వైదాసూ, నీ మోచెయ్యి నా డొక్కలో కాపురం పెట్టిందిరా," అన్నాడు పక్కవాడు.

"అద్దె ఇస్తాలే," అన్నాడు వైదాస్.

షాదేకు నవ్వొచ్చింది. నవ్వడానికి రాలేదు కనుక ఆపుకుంది.

"ఇలా ఎన్నాళ్ళుగా?"

"వచ్చిన కాడ్నుంచీ. చెడిన చేపలన్నీ నా లెక్కలోకే వస్తాయి. ఇలాగే ఉంటే ఈస్టర్ పండగ అయ్యాక నన్ను చేపలు గడ్డకట్టించే గడ్డ గదిలోకి తోస్తారట. పెట్టెలు మొయ్యడానికి. అందులోకి నేను పోను. మా అన్న నార్వేలో ఉన్నాడు. అక్కడికి పోతా."

"మరి దీనికి మార్గం లేదా?"

"ఉంది. బల్లకు ఎడమ కొసన నిలబడితే నా ఎడంపక్క ఎవరూ ఉండరు. నా మోచెయ్యి ఎవరికీ తగలదు. అంతే."

"అంతేనా!"

"అంతే. కానీ అక్కడ డోరీన్ ఉంది."

షాదే ఆ కొసకు చూసింది. కిటికీ పక్కన తెల్లజుట్టు డోరీన్ నిలబడి ఉంది. తల పక్కన అరమీద రేడియో పాడుతోంది. డోరీన్ ఇటు చూసింది. షాదే చటుక్కున చూపు తిప్పుకుంది.

"పైన మా ఆఫీసు కమిటీలో ఈ మాట పెడతాను," అంది.

"పెడితే?"

"ఆలోచిస్తారు."

"చేప మీదా?"

"మీ మీద."

అతను ఆమె కళ్ళలోకి చూశాడు. అతనివి నీలం కళ్ళు. చల్లటి గదిలో అంత వెచ్చని చూపు ఉండకూడదు. షాదే గబగబా మెట్లెక్కింది.

పైన కమిటీకి ఒక గురువున్నాడు. లండన్ నుంచి జూలియన్ అనే మనిషిని తెచ్చారు. ఇటువంటి పని చేసేవాళ్ళకు ఉత్సాహం తొందరగా చచ్చిపోతుందట. చావకుండా ఉండాలంటే ఎవరికి వారు తమలోకి తాము చూసుకోవాలట. శుక్రవారం శుక్రవారం కుర్చీలు గుండ్రంగా వేయిస్తాడు. మూడు ప్రశ్నలు వేస్తాడు. ఈ పనికి ఎందుకొచ్చాను? ఈ వారం ఎవరికి మేలు చేశాను? నాకు అడ్డం ఏమిటి?

ఒక్కొక్కరే కళ్ళు మూసుకుని చెప్పాలి.

"నాకు అడ్డం సమాజం," అనేది అకౌంట్సామె.

"నాకు అడ్డం నా బాల్యం," అనేవాడు కొనుగోళ్ళాయన.

"నాకు అడ్డం నా మంచితనమే," అనేవాడు డైరెక్టరు. అందరూ తల ఊపేవాళ్ళు.

షాదే వైదాస్ మోచేతి మాట చెప్పింది. జూలియన్ కళ్ళు మూసుకున్నాడు.

"మోచెయ్యి," అన్నాడు. "ఎంత లోతైన విషయం. దీన్ని మనం తొందరపడి పాడుచేసుకోకూడదు. ఈ వారమంతా మోచేతితో ఉందాం."

వారమంతా ఉన్నారు. పై వారమూ ఉన్నారు.

వైదాస్ సోమవారం సోమవారం అడిగేవాడు.

"ఏమైందండీ?"

"లోతుగా వెళ్తున్నారు."

"ఎంత లోతుకు?"

"ఎడమచెయ్యి అనేది మన లోపల ఎక్కడుంది అన్నదాకా వచ్చారు."

"నాది భుజం కింద ఉందని చెప్పండి."

షాదే నవ్వేది. ఆ నవ్వు కోసమే అతను అడిగేవాడని బల్లంతటికీ తెలుసు. అతను అడుగుతాడని ఆమె దిగొస్తుందని కూడా తెలుసు. భోజనం వేళ మెట్ల మీద కూర్చునేవాళ్ళు. ఆమె తల్లి టమాటాలు, మిరపకాయలు వేసి వండిన ఎర్రన్నం అతను తినేవాడు. కారానికి కళ్ళమ్మట నీళ్ళు కారేవి.

"ఏడుస్తున్నావా?"

"లేదు. మా ఊరు గుర్తొచ్చింది."

"మీ ఊళ్ళో ఇంత కారం తింటారా?"

"తినరు. అందుకే గుర్తొచ్చింది."

ఒకనాడు అడిగాడు. "మొదటి ప్రశ్న నీకూ వేస్తారా? ఈ పనికెందుకొచ్చావని?"

"వేస్తారు. నేను న్యాయం, సమానత్వం అని చెప్తాను."

"నిజం?"

షాదే చెంచా డబ్బాలో పెట్టింది. "మా నాన్న పేరు ఒలాసున్‌కన్మి. రేవులో అందరూ సన్నీ అనేవాళ్ళు. పేరు పలకడం కష్టమని. పని మానిన రోజు కేకు తెచ్చారు. దాని మీద కూడా సన్నీ అనే ఉంది. నాన్న నవ్వుతూ కోశాడు. ఇంటికొచ్చాక ఆ కేకు ముట్టలేదు."

వైదాస్ ఆ పేరు పలికి చూశాడు. మొదటిసారి తప్పింది. రెండోసారీ తప్పింది. మళ్ళీ పలికాడు.

షాదే డబ్బా మూత పెట్టి లేచిపోయింది. కళ్ళు తుడుచుకోవడం కనపడకూడదని.

ఆ తరవాత ఆమె కిందికి రావడం తగ్గించింది. ప్రతి సోమవారం ఒట్టి చేతులతో ఎలా రావడం? రెండో ప్రశ్నకు ప్రతి శుక్రవారం ఏదో ఒకటి కల్పించి చెప్తోంది. పోస్టరు మార్చాను. గోడమీద చేతులు మళ్ళీ అంటించాను. చెప్పి చెప్పి విసుగొచ్చింది. ఈ ఉద్యోగం మానేద్దామని అమ్మతో అంది.

"మానేసి?" అంది అమ్మ.

"తెలీదు."

"ఆ నీలికళ్ళ పిల్లాడికి కూడా తెలీదా?"

షాదే లేచి గిన్నెలు కడగడం మొదలెట్టింది.

ఈస్టర్ ముందు శుక్రవారం సెలవని ఆ వారం గురువారమే కుర్చీలు వేశారు. ఉత్సాహం మరీ అడుగంటిందని జూలియన్ లవండరు వాసన కొవ్వొత్తి తెచ్చి వెలిగించాడు. చేపల కంపెనీలో లవండరు. అందరూ గట్టిగా ఊపిరి పీల్చి దగ్గారు. కొవ్వొత్తి పొగ పైకప్పుకు తగిలింది. మంటల హెచ్చరిక గంట మోగింది.

కంపెనీ మొత్తం పెరట్లోకొచ్చి పడింది. బయట వాన. కోసేవాళ్ళు రబ్బరు బూట్లతో, రబ్బరు ఏప్రన్లతో వచ్చారు. ఆఫీసువాళ్ళు చొక్కాలతో వచ్చారు. జూలియన్ కొవ్వొత్తి పట్టుకునే వచ్చాడు. అది ఇంకా వెలుగుతోంది.

"ముందు దాన్ని ఆర్పవయ్యా!" అని ఎవరో అరిచారు.

వైదాస్ ఏప్రన్ విప్పి షాదే తల మీద పట్టాడు. దాని కింద ఇద్దరూ నిలబడ్డారు. వాన రబ్బరు మీద టపటపలాడుతోంది. చేప నీచు వాసన. షాదేకు లవండరు కంటే అదే నయమనిపించింది.

"కబురొచ్చింది," అన్నాడు. "పండగ అయిన మంగళవారం నుంచి నాకు గడ్డ గది. మా అన్నకు ఫోను చేశాను. టిక్కెట్టు తీస్తానన్నాడు."

"వెళ్తావా?"

"ఉండమంటావా?"

షాదే నేల చూసింది. "ఉండమనడానికి నేనేం చేశాను నీకు? అంత చిన్న పని. ఒక మనిషి అటు జరిగితే చాలు. చెయ్యలేకపోయాను."

"ఎందుకు చెయ్యలేకపోయావ్? మీ మూడో ప్రశ్న. నీకు అడ్డం ఏమిటి?"

"వ్యవస్థ."

"అది పైన చెప్పు. ఇక్కడ వానలో నిజం చెప్పు."

షాదే పెరటి గోడ వైపు చూసింది.

"డోరీన్," అంది షాదే.

"డోరీనా? ఆమె ఏం చేసింది?"

"ఏం చెయ్యలేదు. నేను చేరిన మొదటి రోజు కొత్త తెల్ల బూట్లు వేసుకుని కిందికి దిగాను. 'ఎవరే పిల్లా నువ్వు, పెళ్ళికూతురివా?' అంది డోరీన్. అందరూ పగలబడి నవ్వారు. ఆనాటి నుంచి ఆ కొసకు నేను పోలేదు. కమిటీలో పెట్టాను. వాళ్ళు లోతుగా వెళ్తుంటే ఊరుకున్నాను. ఇదంతా ఎందుకో తెలుసా? డోరీన్‌తో మాట్లాడ్డానికి భయం. అంతే."

చెప్పాక తనకే ఆశ్చర్యమేసింది. ఇన్ని శుక్రవారాలు కళ్ళు మూసుకుని చూసుకుంది. ఇది కనపడలేదు.

వైదాస్ నవ్వాడు. "నాకూ భయమే. లేకపోతే నేనే అడిగేవాణ్ణి కదా."

షాదే ఏప్రన్ కింద నుంచి బయటికొచ్చింది. వానలో పెరడు దాటింది. గోడ పక్కన సిగరెట్టు కాలుస్తున్న డోరీన్ ముందు నిలబడింది. నెత్తి మీద నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"డోరీన్ గారూ, ఒక మాట."

"చెప్పు పెళ్ళికూతురా."

చుట్టూ నలుగురు కిసుక్కుమన్నారు. షాదే కదల్లేదు.

"మీ చోటు వైదాస్‌కు ఇస్తారా? అతనిది ఎడమచేతి వాటం. కొసన నిలబడితే చేప చెడదు. లేకపోతే పండగ అవగానే గడ్డ గదిలో వేస్తారు. మీరు అతని చోటుకు జరగాలి. కిటికీ పోతుంది మీకు. అడగడం నాకు కష్టంగానే ఉంది."

డోరీన్ సిగరెట్టు కింద పడేసి తొక్కింది.

"వాడు చేరినప్పట్నుంచీ చూస్తున్నా ఆ కుస్తీ. ఎవడో ఒకడు వచ్చి అడుగుతాడని చూస్తున్నా. ఎవ్వరూ అడగరేం?"

"మీరే చెప్పొచ్చుగా?"

"నా చోటు వదులుకుంటానని నేనే చెప్పుకోవాలా? నాకేం పట్టింది? అడగనీ." జుట్టు మీది వాన తుడుచుకుంది. "రేడియో నాతో వస్తుంది."

"రానివ్వండి."

"పాటలు నేను పెట్టినవే."

"మీ ఇష్టం."

"సరే. ఇక నిజం చెప్పు పిల్లా. ఇదంతా వాడి మోచేతి కోసమా, వాడి కోసమా?"

పెరడంతా చెవులు రిక్కించింది. జూలియన్ కూడా.

షాదే వెనక్కి తిరిగి చూసింది. వైదాస్ ఏప్రన్ చేత్తో పట్టుకుని వానలో తడుస్తున్నాడు. కప్పుకోవడం మరిచిపోయాడు.

"ముందు మోచేతి కోసం," అంది షాదే. "తరవాత రెండూ."

పెరడంతా ఈలలు.

"విన్నావురా?" అని అరిచింది డోరీన్. "ఇక నార్వే అన్నావంటే కాళ్ళు విరగ్గొడతా!"

"విన్నాను," అన్నాడు వైదాస్. వచ్చి షాదే పక్కన నిలబడ్డాడు. "టిక్కెట్టు వద్దని మా అన్నకు చెప్పాలి. కారణం అడిగితే ఏం చెప్పను?"

"ఎడమ కొసన చోటు దొరికిందని చెప్పు."

"వాడు నమ్మడు. ఫోటో పంపమంటాడు."

మంటేమీ లేదని తేలింది. అందరూ లోపలికొచ్చారు. పైన మళ్ళీ గుండ్రంగా కూర్చున్నారు. షాదే తడిబట్టలతో ఆలస్యంగా వచ్చింది. జూలియన్ గొంతు సవరించుకున్నాడు.

"మోచేతి విషయం మీద మనం ఒక నిర్ణయానికొచ్చాం. దీన్ని పరిశీలించడానికి ఒక ఉపకమిటీ వేద్దాం."

"చోటు మార్చేశాం," అంది షాదే.

"ఎవరు?"

"డోరీన్, నేను. కింద ఇప్పుడు రేడియో కూడా జరుపుతున్నారు."

 ఇంత పని తమకు చెప్పకుండా చేసినందుకు అకౌంట్సామె మొహం చిన్నబోయింది.

"ఈ వారం ఎవరికి మేలు చేశాను? ఒకరికి," అంది షాదే. "ఈ పనికి ఎందుకొచ్చాను? మా నాన్న కేకు కోసం. నాకు అడ్డం ఏమిటన్నది కింద వానలో చెప్పేశాను. ఇక్కడ మళ్ళీ చెప్పను. వచ్చే వారం నుంచి శుక్రవారం పూట నేను కిందే ఉంటాను. చూసుకోవలసింది ఉంటే మెట్లెక్కేటప్పుడు చూసుకుంటాను."

కాసేపటికి డైరెక్టరు లేచాడు. ఇలాంటివి అతనికి తొందరగానే అర్థమవుతాయి.

"ఫోటో!" అన్నాడు.

కింద బల్ల దగ్గర నిలబెట్టారు. కిటికీ పక్కన, ఎడమ కొసన వైదాస్. పక్కన షాదే. వెనక రేడియో పట్టుకుని డోరీన్. ఈసారి చెయ్యి కలిపేది తనేనని డైరెక్టరు ముందుకొచ్చాడు. కుడి చెయ్యి చాపాడు.

వైదాస్ ఎడమ చెయ్యి చాపాడు. డైరెక్టరుకు కాదు.

షాదే అందుకుంది. ఆ చేతికి గ్లవుజు లేదు. చల్లగా ఉంది, నీచుగా ఉంది. ఈసారి కెవ్వుమనలేదు.

ఆ ఫోటో ఇప్పటికీ కంపెనీ మెట్ల దగ్గర వేలాడుతోంది. దాంట్లో వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకుంటున్నారు. డోరీన్ కెమెరాను చూస్తోంది. డైరెక్టరు చెయ్యి మాత్రం గాలిలో ఉంది, ఎవరైనా పట్టుకుంటారేమోనని.