ఆఫీసరు గారు బస్సెక్కారు

ముందుగా క్షమించమని అడుగుతున్నాను. నాకు అక్షరాలు అరవై దాటాక వచ్చాయి. అవైనా పల్లె బస్సులా ప్రతిచోటా ఆగి ఆగి వచ్చాయి. ఈ కాస్త కథ రాయడానికి నలభై రోజులు పట్టింది. ఒత్తు ఉండవలసిన చోట లేకపోతే మీరే పెట్టుకోండి. అక్కర్లేని చోట కనిపిస్తే దాన్నే తీసి ఇక్కడ వాడుకోండి.

ఏలూరులో ఒక బస్సు డిపో. అందులో దత్తసాయి అని ఇరవై తొమ్మిదేళ్ల ఆఫీసరు. ఏ బస్సు ఎన్ని గంటలకు కదలాలో రాసేది అతనే. తను మాత్రం మోటారుసైకిలు మీద తిరిగేవాడు. "బస్సులో వస్తే ఆఫీసుకి లేటైపోతానండీ" అని ఒకసారి డిపోలోనే అన్నాడు. పక్కనున్న డ్రైవర్లు ఎందుకు దగ్గారో అతనికి ఆ రోజు అర్థం కాలేదు.

ఒక శుక్రవారం అతని గదిలోకి ఒక అమ్మాయి వచ్చింది. పేరు ప్రసూన. ఉండేది తాడేపల్లిగూడెం. కొల్లేటి లంకలో పిల్లలకు పాఠాలు చెబుతుంది.

"లంక బస్సు తీసేస్తున్నారటండీ?"

"భీమడోలు దాటాక ఏడుగురే ఉంటున్నారండీ. రిపోర్టు చూడండి."

"మీరు బస్సు చూశారాండీ?"

"నేను చూడ్డమేంటండీ? నడిపేది నేను."

"నడిపేది వరదానం గారండీ. డ్రైవరు."

దత్తసాయి ముఖం ఎర్రబడింది. ఆమె నవ్వు ఆపుకోవడం చూసి ఇంకా ఎర్రబడింది.

"వండినవాళ్ళు ఉప్పు చూడకుండా విస్తట్లో వెయ్యరు కదండీ. సోమవారం ఒక్కసారి ఎక్కండి. అప్పుడు కూడా తీసెయ్యాలనిపిస్తే తీసెయ్యండి. నాకు అత్తిలికి బదిలీ కాగితం వచ్చింది, దాని మీద సంతకం పెట్టి వెళ్లిపోతాను. నెలాఖరే గడువు."

"సరే. మీరూ వస్తారా?"

"భీమడోలులో ఎక్కుతానండీ. ఎక్కగలిగితే."

ఆ ఆఖరి మాట అతను పట్టించుకోలేదు. ఆమె కళ్ళకు కాటుక ఉందా, కళ్ళే అంతా అని ఆలోచిస్తున్నాడు.

సోమవారం పొద్దున్న సన్నగా వాన. ఇస్త్రీ చొక్కా వేసుకుని బస్టాండులో నిలబడ్డాడు. లంక బస్సు ఇంకా ఆగకముందే జనం కిటికీల్లోంచి రుమాళ్ళు, తువ్వాళ్ళు, సంచులు లోపలికి విసిరారు. దత్తసాయి మాత్రం పెద్దమనిషిలా తలుపు దగ్గర నిలబడి, బస్సు ఆగగానే తోపులాటకు ముందే లోపలికి వెళ్ళాడు. సీట్ల మీద దిక్కులేకుండా పడివున్న సామాను చూసి జాలిపడ్డాడు. మూడు రుమాళ్ళు, ఒక తువ్వాలు, ఒక టిఫిను సంచి, ఒక ఎడమకాలి చెప్పు ఏరి కండక్టరు రాజకుమారి చేతిలో పెట్టాడు.

"ప్రయాణికులు పోగొట్టుకున్నవి. రిజిస్టరులో రాయండి."

రాజకుమారి తల పట్టుకుంది. "అయ్యో సార్, అవి పోయినవి కాదండీ. సీట్లండీ!"

అప్పటికే రుమాళ్ళవాళ్ళు మీద పడ్డారు. "ఎవడండీ నా సీటు తీసింది?" "నా చెప్పు ఏదండీ?" చెప్పు ఆసామి ఒంటికాలి మీద గెంతుకుంటూ వచ్చాడు. ఆఫీసరు అని చెబితే ఏమవుతుందోనని దత్తసాయి నోరు మూసుకున్నాడు.

చివరికి ఒక్క సీటే మిగిలింది, వెనకాల, వరమ్మ అనే ముసలమ్మ పక్కన. ఆవిడ తెల్లారకముందే ఏలూరులో చేపలు అమ్ముకుని ఖాళీ తట్టతో లంకకు తిరిగి వెళ్తోంది. ఆవిడ పక్క సీటుకు రుమాలు అక్కర్లేదు. ఆ వాసనే కాపలా.

"కూర్చోండి బాబూ. భీమడోలు వచ్చేసరికి అలవాటైపోద్ది."

"ఈ బస్సు ఖాళీగా ఉంటుందన్నారు కదండీ మామ్మగారూ?"

"భీమడోలు దాటాక ఉంటది. రెండు నెలలయ్యింది. అంతకుముందు గూడెం రైలు దిగి మా పంతులమ్మ గారు కూడా ఎక్కేవోరు. దారిలో నాకు అక్షరాలు చెప్పేవోరు. 'క్ష' దగ్గర ఆగిపోయాను బాబూ. ఎవడో మహానుభావుడు బస్సు టైము మార్చాడంట."

దత్తసాయి కిటికీ వైపు తిరిగాడు. ఆ మహానుభావుడికి చేపల వాసన అప్పుడే ఎక్కువ కొట్టింది. భీమడోలులో ఎనిమిదీ ఇరవై ఐదుకు కదిలే బస్సును ఎనిమిదీ పదికి జరిపింది తనే. ఎందుకంటే చార్టులో వరస కుదిరింది. చూడ్డానికి బాగుంది.

భీమడోలులో జనమంతా దిగిపోయారు. ఎనిమిదీ పది కాగానే బస్సు కదిలింది. లోపల ఏడుగురు. ప్రసూన లేదు. తన రిపోర్టే నిజమని సంతోషించాలో, ఆమె రాలేదని బాధపడాలో దత్తసాయి తేల్చుకోలేకపోయాడు. ఇంతలో రోడ్డు మీద గేదెలు అడ్డం వచ్చి బస్సు ఆగింది. అవి తాపీగా దాటి, బస్సు మళ్ళీ కదిలేసరికి వెనకాల రైలు కూత వినిపించింది.

తిరిగి చూశాడు. స్టేషనులోంచి జనం పరుగెత్తుకొస్తున్నారు. పాతికమందికి పైనే. అందరికంటే ముందు ప్రసూన. ఒక చేతిలో గాలికి తిరగబడిన గొడుగు, ఇంకో చేతిలో చెప్పులు.

"ఆపండి వరదానం గారూ!"

"కుదరదండీ. ఇప్పటికే గేదెల వల్ల లేటు. టైము తప్పితే మెమో అని మీరే కదండీ బోర్డు మీద పెట్టారు?"

ఆఫీసరు నోటికి ఆఫీసరు కాగితమే అడ్డం పడింది. "ఆ మెమో నాకివ్వండి!" అని అరిచాడు. అప్పుడు ఆగింది బస్సు.

ప్రసూన రొప్పుతూ ఎక్కింది. జుట్టు తడిసి నుదుటికి అంటుకుంది. దత్తసాయి లేచి నిలబడ్డాడు.

"రైలు రాకముందే బస్సు వెళ్లిపోతోందని ఆ రోజే చెప్పొచ్చు కదండీ?"

"మూడు అర్జీలు పెట్టానండీ. మీరు చదవలేదు."

చదవలేదు. మొదటి లైను చూసి ఫైలులో పెట్టించాడు. "నేనొక వెధవనండీ" అన్నాడు మెల్లగా.

"ఆ ముక్క మాత్రం అర్జీలో రాయలేదండీ" అంది ప్రసూన. బస్సంతా నవ్వింది.

మర్నాటి నుంచి బస్సు మళ్ళీ ఎనిమిదీ ఇరవై ఐదుకే. టైములు రాసేవాళ్ళు వారానికొకసారి ఆ బస్సు ఎక్కి తీరాలని దత్తసాయి డిపోలో కొత్త కాగితం పెట్టాడు. తను మాత్రం రోజూ ఎక్కేవాడు. తనిఖీ అనేవాడు. అంత తనిఖీ జరిగిన బస్సు ఇంకోటి లేదు.

నెలాఖరు రోజు ఏలూరులో మొదటిసారి అతనూ కిటికీలోంచి రుమాలు విసిరాడు. గురి తప్పి ఇంకొకరి ఒళ్ళో పడింది. బతిమాలి తెచ్చుకుని తన పక్క సీటు మీద పరిచాడు. భీమడోలులో ప్రసూన ఎక్కింది. ఆ రుమాలు చూసింది. రెండు వేళ్ళతో తీసి రాజకుమారికి అందించింది.

"ఎవరో పోగొట్టుకున్నారండీ. రిజిస్టరులో రాయండి."

"పోయింది కాదండీ. సీటండీ" అన్నాడు దత్తసాయి.

"ఎవరికండీ?"

"మీకు."

"ఎంతవరకు? లంక దాకానా?"

అతను జేబులోంచి టిక్కెట్టు తీసి అటూ ఇటూ తిప్పాడు. వెనక సీట్లోంచి వరమ్మ ఉండబట్టలేకపోయింది. "చెప్పెయ్యండి బాబూ, మళ్ళీ గేదెలొస్తాయో ఏంటో!"

"పర్మనెంటుగా అండీ" అన్నాడు.

ప్రసూన కిటికీలోంచి చేపల చెరువుల వైపు చూసింది. బ్యాగులోంచి అత్తిలి బదిలీ కాగితం తీసి, నాలుగు మడతలు పెట్టి, వాన జల్లుకు తడిసిన సీటు తుడిచింది. తుడిచి కూర్చుంది.

"అర్జీ పెట్టుకోండి. నేను మీలా కాదు, పూర్తిగా చదువుతాను."

అర్జీ పదకొండు పేజీలు వచ్చింది. రెండు ఇళ్ళల్లో పెద్దవాళ్ళూ చదివి సరేనన్నారు. పెళ్ళికి లంకవాళ్ళు ఆ బస్సులోనే వెళ్ళారు. శుభలేఖను ఎవరి సాయం లేకుండా చదివిన ముసలమ్మ 'క్ష' దాటేసిందని పంతులమ్మ గారు అందరికీ చెప్పుకున్నారు.

ఇట్లు,
వరమ్మ, వయసు అరవై ఆరు. చేపల తట్ట మానేసి ఇప్పుడు భీమడోలులో కూతురి దగ్గర ఉంటున్నాను. బస్సు ఇంటి ముందు నుంచే వెళ్తుంది, ఎనిమిదీ ఇరవై ఐదుకు.