మూత మీది రాత

మందుల ల్యాబు ఫ్రీజర్ కీపర్‌ను లిఫ్టులో చంపారు. మూడో అంతస్తులో ఎక్కినవాడు నాలుగో అంతస్తుకి శవమై చేరాడు. పర్సు, వాచీ, ఐడీ కార్డు అన్నీ ఒంటిమీదే ఉన్నాయి. జేబులో ఉండాల్సిన మార్కర్ పెన్ను ఒక్కటే లేదు.

"పెన్ను కోసం మనిషిని చంపుతారా సార్?" అన్నాడు పిల్లి.

పిల్లి అంటే ఏజెంటు. అడుగు చప్పుడు వినబడదని డిపార్టుమెంటులో పెట్టిన పేరు.

"గడ్డకట్టిన సీసాల మీద చెరిగిపోకుండా రాసే పెన్ను అది," అన్నాడు చీఫ్. "విదేశీ ముఠా పని. పదకొండింటికి మీ అక్కకి ఇవ్వబోయే మందు మీద కన్నేశారు. ఉన్నది ఒక్కటే డోసు. మళ్ళీ తయారవ్వాలంటే రెండేళ్ళు."

"నా వేషం?"

"మందు ఇచ్చే గదిలోకి ఇంట్లోవాళ్ళనే రానిస్తారు. ఈసారి మేకప్ అక్కర్లేదు, తమ్ముడిగానే వెళ్ళు. ఇంజెక్షన్ ఇచ్చే డాక్టరు ముఠాలో మనం పెట్టిన మనిషి. కోడ్ వర్డ్ తనే చెబుతుంది." పిల్లి లేచి వెళ్తుంటే చీఫ్ తలెత్తాడు. "నీ అడుగు వినబడుతోందేంటోయ్?"

"కొత్త బూట్లు సార్."

ఆ బూట్లు కొని మూడేళ్ళయింది.

అక్క ఆ ల్యాబులోనే ఇరవై ఏళ్ళు టెక్నీషియన్. ఎస్ఓడీ వన్ అనే జీన్ గురించి తమ్ముడికి విడమరిచి చెప్పింది ఆవిడే. ఒంట్లో కణాలు ప్రాణవాయువును వాడుకునేటప్పుడు నిప్పురవ్వల్లాంటి ముక్కలు కొన్ని లేస్తాయి. వాటిని చల్లార్చే ఎంజైమును తయారుచేయించేది ఈ జీన్. ఇందులో ఒక్క అక్షరం తప్పినా ఆ ఎంజైము వంకరగా మడతపడి, ముద్దకట్టి, కండరాల్ని ఆడించే నరాలనే చంపగలదు. అమ్మ అలాగే పోయింది. పిల్లలకు వచ్చే అవకాశం సగానికి సగం. అక్క పరీక్ష చేయించుకుంది. శత్రువుల గుట్టు ఎంత లాగినా, తన ఒంటి గుట్టు విప్పడానికి మాత్రం పిల్లికి గుండె చాల్లేదు.

ఇప్పుడు అక్కకి కళ్ళు తప్ప ఏవీ ఆడవు. అక్షరాల పలక మీద వేలు జరుపుతూ పోతే, కావలసిన అక్షరం దగ్గర రెప్ప వేస్తుంది. ఆ సంకేతాలు చదవడం పిల్లికి ఒక్కడికే వచ్చు.

డాక్టరమ్మ వచ్చింది. చెవులకు ముత్యాలు, పెదాలకు ఎర్రటి లిప్‌స్టిక్. గదిలో ఉన్న వార్డుబాయ్ కూడా సర్దుకుని నిలబడేంత అందం.

"బయట ఎండ బాగుందా?" అంది.

"కిటికీనే అడగాలి."

కోడ్ సరిపోయింది. పిల్లి కళ్ళజోడులోని కెమెరా సీసా నంబరు చదివి, ఫైలుతో పోల్చి, పచ్చలైటు వెలిగించింది. అతను ఊపిరి పీల్చుకున్నాడు.

అక్కను ఒత్తిగిలించి పడుకోబెట్టారు. విప్పిన సీసా, దాని మూత ఆవిడ కళ్ళెదురుగా ట్రేలో ఉన్నాయి. డాక్టరమ్మ సిరంజిలోకి మందు లాగింది. అక్క రెప్పలు టపటపా కొట్టుకున్నాయి.

"భయపడుతోంది పాపం," అంది డాక్టరమ్మ.

పిల్లి పలక అందుకున్నాడు. మూ. త.

మూతా? ల్యాబులో చేరిన ప్రతివాడికీ అక్క మొదటిరోజు చెప్పే పాఠం అది. మూతలు తారుమారవుతాయి, ఏం రాసినా సీసా ఒంటిమీదే రాయాలి. చనిపోయిన కీపరూ ఆవిడ శిష్యుడే. తేదీ సరైనదే, నంబరు సరైనదే, సిరా కూడా కీపర్ పెన్నుదే. రాసింది మాత్రం మూత మీద.

"ఆపండి!"

ఆవిడ ఆపలేదు. పిల్లి దూకాడు. కుడికాలు లేవలేదు. పాదం నేలకు రాసుకుని, మనిషి బోర్లా వెళ్ళి ఆవిడ మీద పడ్డాడు. సూది అక్క వెన్నుకి గోరంత దూరంలో ఉండగా సిరంజి ఎగిరి గోడకు తగిలింది.

బయట కాపలా ఉన్నవాళ్ళు వచ్చి బేడీలు వేస్తున్నా డాక్టరమ్మ అతని కాలికేసే చూసింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

పిల్లి కాలు వెనక్కి లాక్కున్నాడు.

"మొదటి రోగి పోతే మీ మందు మూలపడేది. మేం మా పేరుతో అమ్ముకునేవాళ్ళం. నువ్వూ మా గుమ్మంలోకే వచ్చేవాడివి," అంది.

ఆవిడ బ్యాగులోని లిప్‌స్టిక్ గొట్టం తిప్పితే చల్లటి పొగ లేచింది. లోపల అసలు సీసా. ఒంటిమీద కీపర్ చేతిరాత.

పెద్ద డాక్టరు పరుగున వచ్చాడు. "ఇది మంటని ఆపుతుందేమో గానీ, కాలిపోయినవి తిరిగి రావు. ఆమె మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలి. అడగండి," అన్నాడు.

అక్క చూపు తమ్ముడి కాలి మీదే ఉంది. పిల్లి పలక ఎత్తాడు. చి. న్నో. డి. కి.

చిన్నోడు ఇంట్లో అతని పేరు. పిల్లికి ఏడుపు తన్నుకొచ్చింది.

"ఏమంటోంది?"

"సరే అంటోంది డాక్టర్."

ఉద్యోగంలో వందల అబద్ధాలు ఆడాడు. ఏదీ ఇంత బరువు లేదు. మందు వెన్నులోకి దిగుతున్నంతసేపూ అక్క రెప్పలు కాదు, కాదు అని కొట్టుకుంటూనే ఉన్నాయి. చదవగలిగిన ఒక్క మనిషీ తల తిప్పుకుని నిలబడ్డాడు.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. "శభాష్! ముఠాకి ఇంకో ఆసుపత్రి ఉందట. ఇదే జబ్బున్న రోగిలా లోపలికి దూరాలి. కాలు ఈడవాలి, చేతులు వణకాలి. నేర్పడానికి మేకప్ మాస్టర్ని పంపనా?"

పిల్లి ఖాళీ కారిడార్లో నడుస్తున్నాడు. తన అడుగు చప్పుడు తనకే స్పష్టంగా వినబడుతోంది.

"అక్కర్లేదు సార్," అన్నాడు. "రిహార్సల్స్ మొదలుపెట్టేశాను."