సరే అనేవాడు

ఇసురుగి పరుగెడుతున్నాడు.

పొగమంచు. ఇరుపక్కలా ఇనప ట్యాంకులు. పొద్దు గుంకి ఎంతోసేపు కాలేదు, అయినా కాళ్ళ ముందు నేల కనబడటం లేదు.

వెనక బూట్ల చప్పుడు... సూపర్‌వైజర్ తొకునో! చేతిలో, అణు విద్యుత్ ప్లాంటులోకి చొరబడే అడవిపందుల్ని కొట్టే తుపాకి.

"ఆగరా ముసలోడా! ట్యాంకు మొత్తం ఖాళీ అయిపోతే ఎప్పట్నుంచో ఖాళీదే అని రాసేస్తా. లీకైందని ఎవడికి తెలుస్తుంది? నోరు మూసుకుని ఇంటికి పో."

మధ్యాహ్నం ఎవరో మూయడం మరిచిపోయిన వాల్వ్. అప్పట్నుంచీ రేడియేషన్ నీళ్ళు సముద్రంలోకే పోతున్నాయి. కట్టేయడం మాని, మొత్తం పోనిచ్చి చేతులు దులుపుకుందామని తొకునో ఎత్తు.

తెల్లారితే ఇసురుగి అక్క షినో ఆ నీళ్ళు సముద్రంలో పడే గొట్టం కిందే నత్తగుల్లల కోసం మునుగుతుంది. ఫోన్ చేద్దామంటే అది గేటు దగ్గరే ఇచ్చి లోపలికి రావాలి. లోకంలో అతనికి మిగిలింది ఆవిడొక్కతే.

అదిగో వాల్వ్!

రెండు చేతులా చక్రం తిప్పుతాడు. కదలదు. ఇంకోసారి... గొట్టంలో హోరు సన్నగిల్లుతుంది. ఆగిపోతుంది.

చక్రాన్ని ఊడబెరికి సముద్రంలోకి విసిరేస్తాడు. ఇక ఎవడూ తెరవలేడు.

ఇప్పుడు దాక్కుంటే చాలు.

కానీ చెయ్యి దానంతటదే లేస్తుంది. వేలు వాల్వ్‌ని చూపిస్తుంది.

"వాల్వ్ మూసేశాం!"

ముప్పై ఏళ్ళ అలవాటు మరి. పని చేసినవాడు వేలు చూపించి పైకి చెప్పాలి, జతగాడు సరే అనాలి. అది ప్లాంటు నియమం. జతగాడు కుగిమియని గేటు డ్యూటీకి మార్చాక సరే అనే దిక్కే లేదు. ఇంట్లో పొయ్యి ఆర్పినా ఇసురుగి వేలు చూపించి చెబుతాడు. ఎవరూ బదులు పలకరు. ఆ నిశ్శబ్దం అతన్ని రోజూ కాస్త కాస్తగా తినేస్తోంది.

నాలుక కరుచుకుంటాడు.

"సరే."

మంచులోంచి... పక్కనే!

టార్చ్‌తో కుగిమియ.

"ఏంటన్నా ఇది? దొంగ దూరాడు, వెతకమన్నాడు సారు. ఆ దొంగవి నువ్వా?"

"విషం నీళ్ళు వదిలేస్తున్నాడ్రా. మా అక్క మునిగే చోట."

కుగిమియ టార్చ్ ఆర్పేస్తాడు.

"ఎవడ్రా అరిచింది?" పక్క వరసలోంచి తొకునో.

"నేనే సార్, కుగిమియని."

ఇసురుగిని ట్యాంకు వెనక్కి నెడతాడు. సారుకి నమ్మకం కుదరాలి కదా. ఖాళీ దారి వైపు వేలు చాపి, డ్యూటీలో చెప్పినట్టే గట్టిగా చెబుతాడు.

"ఈ వరసలో ఎవరూ లేరు!"

ఎన్నాళ్ళయింది ఈ గొంతు ఇలా విని... ఇసురుగికి కళ్ళు చెమరుస్తాయి. తను ఎక్కడున్నాడో, ఎందుకు దాక్కున్నాడో ఒక్క క్షణం మరిచిపోతాడు.

నోరు దానంతటదే తెరుచుకుంటుంది.

"సరే!"

బూట్ల చప్పుడు ఆగుతుంది. ఇటు తిరుగుతుంది.

"అన్నా..." అంటాడు కుగిమియ.

తుపాకి పేలింది.