ముప్ఫై మీటర్ల కూత

"సూ యెన్ ప్రాణం నీ చెవుల్లో ఉంది ఫాద్లీ," అన్నాడు బాస్ ఖూ, పాలు కలపని కోపీ-ఓ కాఫీ గ్లాసు పక్కకు జరిపి. "క్రోన్‌కి ఆమె మీద అనుమానం వస్తే మనకు ముందే తెలియాలి. వాడి బాంబులు బొమ్మకార్ల రిమోట్‌తో పేలతాయి. గుర్తుంచుకో."

క్రోన్ విదేశీ ముఠా నాయకుడు. సూ యెన్ వాడి ప్రియురాలిగా మెలుగుతున్న, బాస్ ఖూ నిఘా దళం పంపిన మనిషి.

మధ్యాహ్నం మూడింటికి జార్జ్‌టౌన్ హోటల్లో ఏసీ మెకానిక్ వేషంలో చేరాడు ఫాద్లీ. క్రోన్ గది ఏసీ గొట్టంలో మైకు పెట్టి, ముప్ఫై మీటర్ల కేబుల్‌ని రెండంతస్తుల కిందికి, తన గదిలో బల్ల మీది ఆంప్లిఫయర్‌కి దించాడు. రొద తగ్గుతుందని అందులో పాత చిప్ తీసి కొత్తది, మహా చురుకైనది వేశాడు. బయాన్ లెపాస్ ఫ్యాక్టరీలో పదేళ్లు చిప్‌లు పరీక్షించిన గర్వం మరి. పరీక్షించింది మాత్రం జానెడు వైరుతో.

హెడ్‌ఫోన్‌లో ఒకటే కూత. పొడుగు కేబుల్ తగిలేసరికి చిప్ నిలకడ తప్పింది. దాని కాళ్ల మీద వేలు ఆనిస్తే కూత ఆగి, గుయ్యిమనే రొద వెనక మాటలు వినిపిస్తున్నాయి. వేలు తీస్తే మళ్లీ కూతే.

వేలు ఆనించే విన్నాడు. "తెల్ల కారు. తను స్టార్ట్ చేయగానే నేను నొక్కేస్తా," అంటున్నాడు క్రోన్.

ఫాద్లీ రెండో చేత్తో సూ యెన్‌కి ఫోన్ చేశాడు. ఆ ఫోన్ హెడ్‌ఫోన్‌లోనే మోగింది. అది క్రోన్ దగ్గరుంది.

వేలు వదిలేసి కిటికీకి పరుగెత్తాడు. ఆమె అప్పటికే కారెక్కి అద్దాలు ఎత్తేసింది. అరిస్తే ఆమెకు వినపడదు, పైన బాల్కనీలో ఉన్న క్రోన్‌కి వినపడుతుంది. ఫాద్లీకి ఏడుపొచ్చింది. కారు స్టార్టయింది. క్రోన్ నొక్కాడు.

ఏమీ కాలేదు. మళ్లీ నొక్కాడు. కారు మలుపు తిరిగిపోయింది.

వెనక బల్ల మీద హెడ్‌ఫోన్ కూస్తూనే ఉంది. అప్పుడర్థమైంది ఫాద్లీకి. చెవికందని అసలు కూత కేబుల్ పొడుగునా రేడియోలా పైకి పాకి, ఆ రిమోట్ సిగ్నల్ గొంతు నొక్కేసింది. సూ యెన్‌ని దూరంగా ఆపి కారు దింపమనీ, క్రోన్‌ని పట్టుకోమనీ బాస్‌కి ఫోన్‌లో చెప్పాడు. ఆంప్లిఫయర్ జోలికి మాత్రం పోలేదు.

సాయంత్రం బాస్ ఆంప్లిఫయర్ డబ్బా విప్పి చూసి తల కొట్టుకున్నాడు. "పదేళ్ల అనుభవం! ఓ చిన్న కెపాసిటర్ పెడితే ఈ కూత ఆగేది కదయ్యా?"

"ఆగేది బాస్," అన్నాడు ఫాద్లీ. "కారు పేలేది."