ముసుగువాడి మైకు

సినిమాల్లో హంతకుడు తరుముతుంటే ఆడపిల్ల వీధిలోకి పోకుండా మేడ మీదికెందుకు పరిగెడుతుందో నాకెప్పుడూ అర్థం కాదు. మేం తీస్తున్న సినిమా అలాంటి తిక్కప్రశ్నల మీదే. మా కథలో ముసుగువాడు కత్తి పట్టుకుని మెట్లెక్కి, ఆయాసపడి, చంపబోయే పిల్లనే మంచినీళ్ళడుగుతాడు. ఆ పిల్ల గ్లాసు చేతికిచ్చి, "మొహం చూపించడానికే ఇంత సిగ్గయితే ఈ పనెందుకు పెట్టుకున్నావయ్యా?" అని చీవాట్లు పెడుతుంది.

ఆ ముసుగువాడు మా తమ్ముడు. అమ్మ పోయాక నేనే పెంచాను. చిన్నప్పటి నుంచీ వాడికి ఉబ్బసం. వేషం దొరికిందని వాడు గంతులేస్తుంటే, ఆ రబ్బరు ముసుగు చూసి నా గుండెల్లో రాయి పడింది. "షాటు అవగానే తీసేస్తాలే అక్కా, నీ చాదస్తం నువ్వూ!" అన్నాడు. ఇన్‌హేలర్ జేబులో ఉందో లేదో రోజూ నేనే తడిమి చూసేదాన్ని. ఆ రోజు హడావిడిలో మైకు తగిలించి మేకప్ గదికి పంపేశాను. జేబు చూడలేదు.

నా పని సౌండు రికార్డింగు. నటుల చొక్కాల్లో దాచిన మైకులన్నీ నా చెవులకే వినిపిస్తాయి. అది తెలిశాక మా వాడికి ఆటయిపోయింది. సీను మధ్యలో "అక్కా, హీరోయిన్ విగ్గు జారుతోంది చూడు" అని గొణిగేవాడు. ఓసారి ఊపిరాడనట్టు గురగుర పెట్టి నన్ను సెట్టు దాకా పరిగెత్తించి పడీ పడీ నవ్వాడు. అందరూ నవ్వారు. మూడు రోజులు వాడితో మాట్లాడలేదు.

ఆ రోజు పాత హాస్టల్లో షూటింగ్. మిట్టమధ్యాహ్నం, కిటికీలకు నల్లబట్టలు కట్టి రాత్రి చేశారు. గోడల చెమ్మ వాసన, లైట్ల వేడికి కాలిన దుమ్ము వాసన. పొద్దున్నుంచీ ముసుగువాడు చెలరేగిపోతున్నాడు. వాడు మెట్ల మీద జారిపడిన తీరుకి డైరెక్టర్ పొట్ట పట్టుకుని నవ్వాడు. మాటల్లేని షాట్లు కాబట్టి వాడి మైకు నేను ఆపేసే ఉంచాను. ఒక్కసారి కూడా దగ్గలేదు, నా దిష్టే తగిలేట్టుంది అని మురిసిపోయాను.

చివర్లో "గది నిశ్శబ్దం!" అని కేకేశాను. ప్రతి గదికీ దానిదంటూ ఓ నిశ్శబ్దం ఉంటుంది. తర్వాత మాటల మధ్య అతికించడానికి దాన్ని ఒక నిమిషం రికార్డు చేసుకుంటాం. ఆ నిమిషం ఎవరూ కదలకూడదు. నలభై మందీ బొమ్మల్లా నిలబడ్డారు. ముసుగువాడు నాకెదురుగా, పది అడుగుల దూరంలో, కత్తి దించి నిలబడ్డాడు. మైకులన్నీ తెరిచాను.

"అక్కా..."

మళ్ళీ మొదలెట్టాడండీ బాబూ, అనుకున్నాను. ముసుగు వైపు కళ్ళెర్రజేశాను.

"అక్కా... మేకప్ గదిలో ఉన్నా. ఎవరో బయట గడియ పెట్టారు... పొద్దున్నుంచీ పిలుస్తున్నా..."

ఊపిరి ఈల వేస్తోంది. ఎంత బాగా నటిస్తున్నాడు వెధవ! గడియారంలో ఇరవై సెకన్లు.

"ఇన్‌హేలర్... నీ సంచీలోనే ఉండిపోయింది..."

సంచీ నా కాళ్ళ దగ్గరే ఉంది. చప్పుడు కాకుండా చెయ్యి దించి తడిమాను.

తగిలింది.

తలెత్తి చూశాను. చెవుల్లో ఎగశ్వాస. ఎదురుగా ముసుగువాడి ఛాతీ మాత్రం... కదలడం లేదు.

ముప్పై ఐదు. లేవాలి. లేవలేదు. ఇరవై ఏళ్ళ అలవాటు కొంత, మళ్ళీ అందరిలో నవ్వులపాలవుతానేమోనన్న రోషం కొంత. ఇంకో పాతిక సెకన్లేగా అనుకున్నాను. పాపిష్టిదాన్ని, అలాగే అనుకున్నాను.

"అక్..."

ఆ తర్వాత ఏమీ లేదు.

అరవై. పరిగెత్తాను. కారిడార్ చివర, జనరేటర్ మోత పక్కన మేకప్ గది. గడియ బయటి నుంచే పెట్టి ఉంది. తీశాను. తమ్ముడు గోడకి ఆనుకుని, ఇంట్లోంచి వేసుకొచ్చిన చొక్కాతోనే ఉన్నాడు. మైకు రెండు చేతుల్తో నోటి దగ్గర పట్టుకున్నాడు. ఇన్‌హేలర్ నోట్లో పెట్టి నొక్కాను. మళ్ళీ నొక్కాను. పీల్చేవాడు లేడు.

సెట్లో ముసుగూ కత్తీ నేల మీద పడి ఉన్నాయట. అందులో ఉన్నదెవరని పోలీసులు నలభై మందినీ అడిగారు. అందరూ నా వైపు జాలిగా చూసి, "ఈవిడ తమ్ముడే కదండీ" అన్నారు.

ఆ నిమిషాన్ని నేనెవరికీ వినిపించలేదు. నిన్న ఒక్కదాన్నే కూర్చుని, శబ్దం బాగా పెంచి విన్నాను. ఇరవై ఎనిమిదో సెకను. ముసుగువాడు నా కళ్ళెదుటే నిలబడి ఉన్న క్షణం. గడియ పెట్టిన ఆ గదిలో, వాడి రెండు ఊపిర్ల మధ్య, మైకుకి బాగా దగ్గరగా, ఎవరో బుజ్జగిస్తున్నట్టు అన్నారు:

"మీ అక్క రాదులే నాన్నా. ఇప్పుడే చూసొచ్చా."