గీకని కార్డు

శనివారం పొద్దున ఎలిశిబా వాకిలి ఊడుస్తుంటే చీపురు చప్పుడు నాలుగిళ్ళ అవతలికి వినిపించింది. ఆ కోపం చెత్త మీద కాదు, తోడికోడలు రోజీ మీద. ఆదివారం చర్చిలో కోతపండుగని రోజీ, ఆమె మొగుడు జాన్సన్ మొన్ననే హైదరాబాదు నుంచి దిగారు. అత్తగారికి పట్టుచీర తెచ్చారు. ఇంటికి పెద్దకోడలైన తనకేమో ఒక ప్లాస్టిక్ గిఫ్టు కార్డు. హైదరాబాదులో ఏదో పెద్ద బట్టల దుకాణంలో తప్ప ఇంకెక్కడా చెల్లదట.

రోజీకి ఉద్యోగం, రోజీకి జీతం, రోజీ వస్తే అత్తగారి ముఖం చేటంత. ఏళ్ళ తరబడి ఈ ఇంటి పొయ్యి ముందు కూర్చున్నది ఎవరో మాత్రం ఎవరికీ పట్టదు. ఇది అసూయేనని ఎలిశిబాకూ తెలుసు. తెలిసినంత మాత్రాన కడుపుమంట ఆరుతుందా? కార్డు అమ్మేసి, తన చీర తానే కొనుక్కోవాలనుకుంది. ఆ డబ్బు మాత్రం రోజీది కాదా అని అడిగేవాళ్ళు లేకపోయారు.

నిన్న చౌరస్తాలో ఒక సెల్‌ఫోన్ల దుకాణానికి పోతే, కార్డు వెనక పూత గీకి, దాని కింది రహస్య నంబరు చెప్పి పొమ్మన్నాడు దుకాణదారు, డబ్బు సాయంత్రం ఇస్తానన్నాడు. ఎందుకో అనుమానమేసి తిరిగొచ్చింది. ఆ సంగతి విని భర్త గాబ్రియేలు తల పట్టుకున్నాడు.

"నంబరు చెప్పినంక కార్డుల ఏముంటది? ఉత్త రేకు. ఎరుకున్నోళ్ళకే అమ్ము. వాళ్ళ ముంగటనే ఫోన్ చేసి, అండ్ల ఎంతున్నదో ఇనిపియ్యి. పైసలు చేతుల పడ్డంకనే గీకాలె."

రోజీ మనసు నొచ్చుకుంటుందని కూడా అన్నాడు. ఆ మాట చెవికెక్కలేదు.

పక్కింటి కౌసల్య టీచరమ్మ, ప్రత్యేక తెలంగాణ బందులు లేని ప్రతి వారం హైదరాబాదులో చదివే కూతురి దగ్గరికి పోతుంది. రోజీ స్నానానికి పోయిన సమయం చూసి ఎలిశిబా ఆమెను అరుగు మీదికి పిలిచింది. భర్త చెప్పినట్టే ఫోన్ చేసి, కార్డు ముందువైపున్న నంబరు నొక్కి స్పీకరు పెట్టింది. కార్డులో రెండు వేలున్నాయని ఫోన్లోని ఆడగొంతు ఇల్లంతా వినబడేలా చెప్పింది. కౌసల్య నోట్లు చేతిలో పెట్టింది. కార్డు అందించబోతూ తలెత్తితే, గడపలో తడి జుట్టుతో రోజీ.

కౌసల్య మళ్ళీ వస్తానని కార్డు తీసుకోకుండానే జారుకుంది.

"అమ్ముకుంటున్నవా అక్కా?"

"ఏం జెయ్యాలె మరి? అత్తమ్మకు పట్టుచీర, నాకు రేకుముక్క. నాకో చీర తేనీకి నీకు చేతులు రాలే."

రోజీ గడప దాటి అరుగు మీదికొచ్చింది.

"పోయినేడు తెచ్చిన గద అక్కా, ఆకుపచ్చది. కోతపండుగ నాడు హర్రాజుల పెట్టినవు. గుమ్మడికాయల పక్కన పెట్టి పాట పాడుతుంటే నేను అక్కడ్నే ఉన్న."

కోతపండుగకు ఇంట్లోంచి ఏదో ఒకటి దేవునికని ఇస్తారు, దాన్ని చర్చి ముందు వేలం పాట పెడతారు. పోయినేడు బీరువాలో చేతికి తగిలింది ఆ చీరే. కాదు, తగల్లేదు. వెతికి మరీ తీసింది. రోజీ ఇచ్చిందనే తీసింది.

"నీకు నచ్చలేదేమో అనుకున్న. గందుకే కార్డు తెచ్చిన, ఇష్టమైంది నువ్వే తీసుకుంటవని. గీ ఇంట్ల అందరు అన్నిటికీ నిన్నే అడుగుతరు. నేనొస్తే చుట్టం లెక్క కుర్చీ ఏస్తరు. నిన్ను చూస్తే నాకు కుళ్ళు అక్కా."

తనను చూసి కుళ్ళుకునే మనిషి ఒకరుంటారని ఎలిశిబా కలలో కూడా అనుకోలేదు. కళ్ళనీళ్ళు బొటబొటా రాలాయి.

"గా చీర ఎవరి పాలైందో," అంది.

"మీ మరిదితోని పాట పాడిపిచ్చిన. నా బ్యాగులనే ఉన్నది. ఇద్దామంటే ధైర్యం సాలలే."

ఎలిశిబా ఆ చీర అడిగి తీసుకుంది. ఇచ్చిన మాట ప్రకారం కార్డు కౌసల్యకే ఇచ్చి, ఆ డబ్బుతో రోజీకో చీర కొనడానికి ఆమెను వెంటబెట్టుకుని మెదక్ బజారుకు పోయింది. నీకే రంగు ఇష్టమని ఆమెను అడగడం అదే మొదటిసారి.

ఆదివారం చర్చి మెట్ల దగ్గర ఒకావిడ ఎలిశిబా ఆకుపచ్చ కొంగు పట్టి చూసి, ఇది పోయినేడు హర్రాజులో పోయిన చీర కదా అంది. నలుగురూ తిరిగి చూశారు. రోజీ తల దించుకుంది.

"అవు, గదే," అంది ఎలిశిబా, రోజీ చెయ్యి పట్టుకుని. "నేను పోగొట్టుకుంటే మా చెల్లె ఇడిపిచ్చింది."